మొదటి టోటల్ హిప్ (తుంటి కీలు మొత్తం మార్చే ఆపరేషన్) కేసుకి ముందు సిమ్యులేషన్ ట్రైనింగ్ పనికొస్తుందా? వీఆర్ (వర్చువల్ రియాలిటీ), ప్లాస్టిక్ ఎముకలు, కెడావర్ (శవం), దేనితో మొదలుపెట్టాలి?

ఆర్థో_పీజీ_గోదారి

అందరికీ నమస్తే. నేను ఎమ్మెస్ ఆర్థో సెకండ్ ఇయర్, కోస్తాలో ఒక గవర్నమెంట్ కాలేజీలో చేస్తున్నా. మా దగ్గర ముసలివాళ్లు బాత్‌రూమ్‌లో జారిపడి తుంటి విరిగి వచ్చే కేసులు చాలా ఎక్కువ, అందుకని బైపోలార్లు (తొడ ఎముక తల మాత్రమే మార్చే ఆపరేషన్లు) బాగానే చూశా, 16 దాకా అసిస్ట్ చేశా, 4 మా ఎస్సార్ (సీనియర్ రెసిడెంట్) అన్న ఎదురుగా నిలబడి నాచేత చేయించాడు, అన్నీ పోస్టీరియర్ అప్రోచే (తుంటి వెనకవైపు నుంచి కోసి వెళ్లడం). టోటల్ హిప్ సంగతి అలా కాదు. నెలకి ఒకటో రెండో పడతాయి, అవీ ఎక్కువగా ఏవీఎన్ (రక్తం అందక తొడ ఎముక తల చచ్చిపోవడం) వచ్చిన కుర్రాళ్లవి, ప్రొఫెసర్ గారే చేస్తారు, ఆయనే చెయ్యాలి కూడా. నేను ముందువైపు హోమన్ (కండలు పక్కకి లాగి పట్టే పరికరం) పట్టుకుని గంటన్నర నిలబడతా. నేనున్న చోట నుంచి రీమర్ (ఎముకని గుండ్రంగా చెక్కే పరికరం) షాఫ్ట్ కనపడుద్ది గానీ గిన్నెలో (తొడ ఎముక తల కూర్చునే గుంట, ఎసిటాబులమ్) ఏం జరుగుతుందో ఏమీ కనపడదు, సర్ "ఇదిగో ఇప్పుడు చూడు" అనేసరికి నేను తల వంచేలోపే రక్తం నిండిపోతుంది.

ఫైనల్ ఇయర్‌లో పక్కనే ఉండి ఒకటి రెండు కేసులు నాచేత చేయిస్తానన్నారు సర్. ఆ లోపు ఎలా తయారవ్వాలా అని ఆలోచిస్తున్నా. ఒక పెద్ద సిటీలో 2 రోజుల కెడావర్ వర్క్‌షాప్ ఉంది, ఫీజు, రైలు, రూము అన్నీ కలిపితే నా నెల స్టైపెండ్‌లో సగం పైనే అయిపోద్ది. మా సీనియర్ ఒకాయన వీఆర్ హెడ్‌సెట్ కొన్నాడు, అందులో హిప్ మాడ్యూల్ ఉంది, వాడుకో అంటున్నాడు. ఇంకోటి ప్లాస్టిక్ ఎముకలు. ఏది ముందు చెయ్యాలి, అసలు వీటితో నిజంగా చేతికి పని వస్తుందా?

పోయిన వారం వార్డులో 34 ఏళ్ల ఆటో డ్రైవర్, రెండు వైపులా ఏవీఎన్, డ్రెస్సింగ్ ట్రాలీ పక్కన నన్ను ఆపి "నాకు మీరే చేస్తారా డాక్టరు గారూ" అని అడిగాడు. కాదు, పెద్ద సర్ చేస్తారు అన్నా. వచ్చే ఏడు ఇంకొకరు అదే అడిగితే "అవును, నేనే" అని చెప్పాలి కదా, అది మనసులోంచి పోవట్లేదు.


వరంగల్_ఎముకల_డాక్టర్

తమ్ముడూ, నీ పోస్టుల్నే సగం జవాబు ఉంది. అన్ని బైపోలార్లల్ల నిలబడ్డవంటే అప్రోచ్ నీకు తెలిసినట్టే. షార్ట్ రొటేటర్లకు (తుంటి వెనక ఉండే చిన్న కండరాలు) దారం వేసి పక్కకు పెట్టుకునుడు, సయాటిక్ నర్వ్‌ను (కాలికి పోయే పెద్ద నరం) కాపాడుకునుడు, తొడ ఎముక మెడ కోసుడు, బ్రోచ్ (తొడ ఎముక లోపల దారి చేసే పరికరం) కొట్టుడు, రిడక్షన్ (కీలును మళ్ల ఎక్కిచ్చుడు), ఇవన్ని ఒక తీరుగ చేతికొచ్చినయి. బైపోలార్ల మనం అస్సలు ముట్టుకోనిది ఒక్కటే, గిన్నె. మన దగ్గర పీజీలందరిది ఇదే పరిస్థితి, ఫీమర్ (తొడ ఎముక) దిక్కు 20 కేసుల అనుభవం, ఎసిటాబులమ్ దిక్కు సున్నా, కానీ టోటల్ హిప్ చెడిపోయేది ఎక్కువ ఆ సున్నా దగ్గర్నే. అందుకే నీకున్న టైము, పైసలు అన్ని కప్పు (గిన్నెల బిగించే కృత్రిమ భాగం) మీదనే పెట్టు. ఏ వర్క్‌షాప్ అయినా, ఏ మాడ్యూల్ అయినా ఒకటే అడుగు, ఇండ్ల నేను కప్పు ఎన్నిసార్లు వేస్త, వేసినంక కోణం ఎవరన్న కొలిచి చెప్తరా అని.

నా సంగతి చెప్త. నేను మొదటి కప్పు సొంతంగ వేసింది 2011ల. పేషెంట్‌ను పక్కకు పడుకోబెట్టినం, నడుముకు పెట్టే సపోర్టులు గట్టిగ బిగించలే. అసిస్టెంట్ ముందు నుంచి రిట్రాక్టర్ గుంజంగ గుంజంగ పెల్విస్ (కటి ఎముక) మెల్లగ ముందుకు పొర్లింది. డ్రేపుల కింద అది ఎవ్వరికి కనపడలే. నేను నేలను, టేబుల్‌ను చూసుకుంట 20 డిగ్రీల యాంటీవర్షన్ (కప్పు ముందుకు తిరిగి ఉండే కోణం) ఇచ్చిన అనుకున్న, అసలైతే కప్పు దాదాపు సూటిగ పడ్డది. ఆ పెద్దమనిషికి 5వ వారం తక్కువ ఎత్తు కుర్చీల కూసుంటుంటే జాయింట్ వెనకకు జారింది. మత్తిచ్చి ఎక్కించినం, 3 నెలలకు మళ్ల జారింది, ఇగ కప్పు మార్చవలసొచ్చింది. ఆయన నన్ను ఒక్క మాట అనలే. రెండోసారి ఆపరేషన్‌కు ఆయన భార్య గాజులు తాకట్టు పెట్టిందని తర్వాత తెలిసింది. ప్లాస్టిక్ పెల్విస్ మీద నేను అదే తప్పు ముందే 50 సార్లు చేసి ఉంటే ఆయన మీద చేయకపోదును.

కొలతల గురించి ఒక ముచ్చట. 1978ల లెవినెక్ అనే సర్జన్ చెప్పిన లెక్క, వంపు (కప్పు పక్కకు వాలే కోణం) 40కి 10 అటు ఇటు, యాంటీవర్షన్ 15కి 10 అటు ఇటు, ఇది అందరికి నోటికొస్తది. (ఆ లెక్కల పడ్డ కప్పులు కూడ జారుతయి, ఏఎస్ అనే కీళ్లవాతం వచ్చి వెన్ను బిగుసుకపోయినోళ్లల్ల అయితే మరీ, అది వేరే పెద్ద కథ.) కానీ ఇంట్రడ్యూసర్‌ను (కప్పును పట్టి దించే హ్యాండిల్) నేలకు 45 డిగ్రీలల్ల పట్టుకుంటే ఎక్స్‌రేల 45 రాదు. యాంటీవర్షన్ కలిసేసరికి దానికంటె ఎక్కువొస్తది. ఓటీల చూసే కోణం వేరు, ఎక్స్‌రేల చూసే కోణం వేరు, 1993ల మర్రే అనే సర్జన్ దీన్ని విడదీసి రాసిండు, ఒకసారి చదువు. అందుకే మాలాంటోళ్లం 35 దగ్గర పట్టుకుంటం, ఎక్స్‌రేల 40 చిల్లర వస్తది. ఈ తేడా పుస్తకంల చదివితే మనసుకు ఎక్కదు, చేత్తోని పట్టుకుని కొలుస్తేనే ఎక్కుతది.

ఇంత ఖర్చు లేకుండ చేసుకునే తీరు చెప్త విను. అనాటమీ డిపార్ట్‌మెంట్ల అడిగి ఒక పెల్విస్ మోడల్ తెచ్చుకో. బల్లకు బెంచ్ వైస్ బిగించి దాన్ని పక్కకు పడుకోబెట్టు, మీద తువ్వాల కప్పి గిన్నె మాత్రమే కనపడేటట్టు చెయ్యి, అసలు ఓటీల కూడ మనకు కనపడేది అంతే గద. పాత ట్రయల్ కప్పు (సైజు సరిచూసేటిది), ఇంట్రడ్యూసర్ మీ స్టోర్ల ఉంటయి. ఫోన్ల కోణం కొలిచే యాప్ ఉంటది, హ్యాండిల్‌కు ఆనిచ్చి చూడు. ముందుగాల నీ అంచనా నోటితోని చెప్పు, ఆ తర్వాతనే కొలువు. ఇంకొకల్లతోని, నువ్వు అటు తిరిగి ఉన్నప్పుడు పెల్విస్‌ను కొంచెం పొర్లించుమను. అసలు పరీక్ష అది.


లీడ్స్_తెలుగు_రిజిస్ట్రార్

పైన సర్ చెప్పిన దానికి దణ్ణం, నేను వీఆర్ గురించి మాత్రం రాస్తా, ఎందుకంటే ఇక్కడ ఇంగ్లండ్‌లో దాన్ని వాడాను, అందరూ అడుగుతుంటారు. మాది గుంటూరు, ఎమ్మెస్ అక్కడే చేసి ఇటొచ్చా.

లండన్‌లో ఇంపీరియల్ కాలేజీ వాళ్లు 24 మంది ట్రైనీలతో ఒక స్టడీ చేశారు, 2019లో బోన్ అండ్ జాయింట్ జర్నల్‌లో వచ్చింది. యాంటీరియర్ అప్రోచ్ (ముందువైపు నుంచి) టోటల్ హిప్. సగం మందికి 6 వారాలు వీఆర్, మిగతా సగానికి మామూలుగా మనం చేసేదే, మాన్యువల్ చదవడం, వీడియోలు చూడడం. తర్వాత అందరిచేతా కెడావర్ మీద చేయించారు. కప్పు కోణంలో తప్పు వీఆర్ వాళ్లకి సగటున 4 డిగ్రీలు, మిగతావాళ్లకి 16. టైము కూడా 42 నిమిషాలు, 51 నిమిషాలు. ముఖ్యమైన స్టెప్పులు మర్చిపోకుండా చెయ్యడంలో ఇంకా పెద్ద తేడా వచ్చింది. అది చదివినప్పుడు నాకు చాలా ఉత్సాహం వచ్చింది, కానీ రెండు విషయాలు గుర్తుపెట్టుకో తమ్ముడూ. చివరి పరీక్ష కెడావర్ మీద, రక్తం కారే మనిషి మీద కాదు. రెండోది, పోల్చింది పుస్తకం చదివినవాళ్లతో, ప్లాస్టిక్ పెల్విస్ మీద పక్కన మనిషిని పెట్టుకుని 6 వారాలు కప్పులు వేసినవాళ్లతో కాదు. కాబట్టి ఊరికే చదవడం కంటే వీఆర్ చాలా మేలు అని దాన్ని బట్టి నమ్మకంగా చెప్పొచ్చు, సర్ చెప్పిన పద్ధతి కంటే మేలు అని మాత్రం చెప్పలేం.

సిమ్యులేటర్ మీద నేర్చుకున్నది పేషెంట్ దగ్గర పనికొస్తుందా అంటే, వస్తుంది, అది హిప్‌లో కంటే ముందు గాల్ బ్లాడర్‌లో తేలింది. 2002లో అమెరికాలో యేల్ యూనివర్సిటీలో 16 మంది రెసిడెంట్ల మీద చేశారు, వీఆర్‌లో నేర్చుకున్నవాళ్లు అసలు ఆపరేషన్‌లో గాల్ బ్లాడర్ విడదీయడం 29 శాతం తొందరగా చేశారు, దానికి గాయం చెయ్యడం కూడా తక్కువే. వాళ్లని ఇన్ని గంటలు చెయ్యండి అని వదిలెయ్యలేదు, ఒక స్థాయి స్కోరు వచ్చేదాకా చేయించారు. నా ఉద్దేశంలో మొత్తం కిటుకు అక్కడే ఉంది. హెడ్‌సెట్ పెట్టుకుని నాలుగుసార్లు సరదాగా తిరిగొస్తే ఏం రాదు. తప్పు లేకుండా వరసగా 3 సార్లు రావాలి అని నువ్వే గీత గీసుకో, ఒకే రోజు 5 గంటలు కూర్చోకుండా వారానికి 2, 3 సార్లు అరగంట చొప్పున చెయ్యి.

హెడ్‌సెట్‌తో రానివి ఏంటంటే, బరువు, గట్టిదనం. చేతిలో ఉండేది తేలికపాటి కంట్రోలర్, రీమర్ గట్టి ఎముకలో కొరుక్కుని నీ మణికట్టుని తిప్పేసే అనుభవం అందులో ఉండదు. బ్రోచ్ సరిగ్గా కూర్చున్నప్పుడు సుత్తి శబ్దం మారుతుంది, అందరం చెవితోనే పట్టుకుంటాం, ఆ శబ్దం రికార్డింగ్‌లో ఉన్నా చేతికి తెలియదు. ప్లాస్టిక్ ఎముక కొంచెం నయం గానీ అది ఫోమ్, మరీ శుభ్రంగా తెగుతుంది, రీమ్ చేస్తూ చుక్కలు చుక్కలుగా రక్తం ఊరే ఎముక కనపడగానే ఆపాలి అంటారే, ఆ గుర్తు ఫోమ్‌లో లేదు. ఇంకో చిన్న మాట, మీ సీనియర్ దగ్గరున్న మాడ్యూల్ ఏ అప్రోచో ముందు చూసుకో. యాంటీరియర్ అయితే పేషెంట్ వెల్లకిలా ఉంటాడు, మీరు చేసేది పోస్టీరియర్, పక్కకి తిరిగి, రిట్రాక్టర్లు పెట్టే చోట్లు కూడా వేరు, చెయ్యి తికమక పడుతుంది.

కెడావర్ చివర్లో పెట్టుకో, వద్దనట్లేదు, వెళ్లే ముందు కప్పు నీకు అలవాటై ఉండాలి, లేకపోతే ఆ 2 రోజులు పరికరాల పేర్లు నేర్చుకోవడంతోనే అయిపోతాయి. అక్కడికి వెళ్తే ప్రాణం ఉన్న మనిషి మీద ఎప్పుడూ చెయ్యకూడనిది ఒకటి చెయ్యి. కప్పు స్క్రూలు వెనక పైభాగంలో వెయ్యాలి, ముందు పైభాగంలో వెయ్యకూడదు అని వసిలెవ్‌స్కీ క్వాడ్రెంట్లు (గిన్నెని నాలుగు భాగాలుగా చూసే పద్ధతి) బట్టీ పట్టాం కదా, ఆ ముందు భాగంలో కావాలనే ఒక పొడుగు స్క్రూ వేసి, పెల్విస్ లోపలి నుంచి తెరిచి చూపించమని ఫ్యాకల్టీని అడుగు. ఎక్స్‌టర్నల్ ఇలియాక్ రక్తనాళాలకి (కాలికి వెళ్లే పెద్ద నాళాలు) ఆ మొన ఎంత దగ్గరగా వస్తుందో నా కళ్లతో చూశా, అప్పటినుంచి డ్రిల్ పట్టుకున్న ప్రతిసారీ అది కళ్లముందు ఉంటుంది.


స్క్రబ్_సిస్టర్_విశాఖ

డాక్టర్ గారూ నేను ఓటీ సిస్టర్‌ని, 19 ఏళ్ల సర్వీసు, జాయింట్ కేసులు చాలా చూశాను కాబట్టి మా వైపు నుంచి ఒక మాట. కొత్తగా చేసే డాక్టర్లకి చెయ్యి ఆగిపోయేది చాలాసార్లు ఎముక దగ్గర కాదండి, తర్వాత ఏం అడగాలో తెలియక. "అది ఇవ్వండి సిస్టర్, అదే అదే" అంటూ చూపిస్తారు, ఆ లోపు నేను రెండు పరికరాలు మార్చి ఇస్తాను, అందరికీ కంగారు. కంపెనీ వాళ్లు సెట్ ముందురోజు సాయంత్రమే తెస్తారు కదా, ఆటోక్లేవ్‌కి (ఆవిరితో క్రిములు చంపే యంత్రం) వెళ్లకముందు ఒక అరగంట వచ్చి నా పక్కన కూర్చోండి. ట్రేలు తెరిచి వరసగా పెట్టి, మొదటి కోత నుంచి చివరి కుట్టు దాకా మీరు పేరు చెప్పండి, నేను చేతికిస్తాను. రీమర్లు ఏ సైజుతో మొదలవుతాయి, లైనర్ (కప్పు లోపల పెట్టే పొర) ఎలా లాక్ అవుతుంది, ట్రయల్ హెడ్ ఊడకపోతే దేనితో తియ్యాలి, ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది. దీనికి రూపాయి ఖర్చు లేదు. నేను అలా ముగ్గురు పీజీలతో చేశాను, ఒకావిడ ఇప్పుడు సొంతంగా చేస్తున్నారు, ఇప్పటికీ ముందురోజు సాయంత్రం వచ్చి ట్రేలు చూసుకునే వెళ్తారు.

సిమెంట్ కేసు (కృత్రిమ కీలుని సిమెంట్‌తో ఎముకకి బిగించేది) అయితే ఇంకా ముఖ్యం. ఓటీలో వేడి ఎక్కువైతే సిమెంట్ తొందరగా గట్టిపడిపోతుంది, ఎండాకాలం ఏసీ సరిగ్గా లేని రోజు చూస్తే తెలుస్తుంది. కలపడం మొదలుపెట్టగానే నేను టైము పైకి చెప్తుంటాను, మత్తు డాక్టర్ గారికి కూడా ముందే చెప్పాలి, సిమెంట్ లోపలికి వెళ్లేటప్పుడు కొందరికి బీపీ పడిపోతుంది కాబట్టి. ఇది ఒక్కరు చేసే పని కాదండి, సర్జన్, అసిస్టెంట్, సిస్టర్, మత్తు డాక్టర్ నలుగురం కలిసి ఒక ఉత్తుత్తి రిహార్సల్ చేసుకుంటే చాలు, ఎడ్డెం తెడ్డెం ఉండదు. పాత గడువు దాటిన సిమెంట్ ప్యాకెట్ ఉంటే పారేయకుండా ఉంచమని చెప్పండి, ఒకసారి మీ చేత్తో కలిపి చూడండి, ఎప్పుడు జిగురు పోతుందో ఎప్పుడు వేడెక్కుతుందో వేళ్లకి తెలియాలి.


అమ్మ_కోసం_నల్గొండ

నేను డాక్టర్ని కాదు, మా అమ్మ ఆపరేషన్ గురించి వెతుకుతుంటే ఇది దొరికింది. అమ్మకి 3 ఏళ్ల కింద ఒక ఆస్పత్రిల తుంటి మార్చిన్రు, ఆ కాలు కొంచెం పొడుగైంది, చెప్పు కింద అట్ట పెట్టుకుని నడుస్తది. ఎవరు చేసిన్రో, కొత్తోళ్లు చేసిన్రో మాకు చెప్పలే. ఇక్కడ మీరంత ప్లాస్టిక్ బొక్కల మీద నేర్చుకుంటున్నమని రాస్తుంటే ఒక దిక్కు ధైర్యంగ ఉంది, ఒక దిక్కు అప్పుడు అట్ల నేర్చుకున్నోళ్లే చేసిన్రా అని బాధైతుంది. పీజీ డాక్టర్ చేస్తే మాకు చెప్తరా? చెప్పాలని అడిగే హక్కు మాకు ఉందా?


వరంగల్_ఎముకల_డాక్టర్

చెల్లెమ్మా, అడుగొచ్చు, అడగాలె. ఎవరు కోస్తరు, పక్కన సీనియర్ ఉంటడా, మొత్తంసేపు ఉంటడా అని కన్సెంట్ కాయితం మీద సంతకం పెట్టేముందే అడుగు. సరిగ్గ జవాబు చెప్పకుంటే ఇంకొకరి దగ్గర సలహా తీసుకో. కాలు పొడుగు సంగతి, పెద్ద సర్జన్లు చేసినా కొందరికి కొంచెం తేడా వస్తది, జాయింట్ జారకుండ బిగుతు కోసం కొన్నిసార్లు పొడుగు ఒప్పుకోవలసి వస్తది. కానీ అది ముందుగాల మీకు చెప్పాలె. అమ్మను నిలబెట్టి ఒక ఎక్స్‌రే తీపించు, తేడా ఎన్ని మిల్లీమీటర్లో కొలిపించు, ఎక్కువ ఉంటే అట్ట కాకుండ కొలత ప్రకారం చెప్పు చేపిస్తరు, నడుము నొప్పి తగ్గుతది.

తమ్ముడూ, ఇది నువ్వు కూడ చదువు. కాలు పొడుగు కూడ ముందే ప్రాక్టీస్ చేసే పనే. టెంప్లేటింగ్‌కు (ఎక్స్‌రే మీద ముందే సైజులు లెక్కేసుకునుడు) హెడ్‌సెట్ అక్కర్లేదు, పాత ఎక్స్‌రేలు 20 తీసుకుని కప్పు, స్టెమ్ (తొడ ఎముకల దించే కాడ) సైజు, మెడ ఎక్కడ కోయాల్నో రాసిపెట్టు, తర్వాత ఆ కేసుల ఆపరేషన్ నోట్స్ తీసి సర్ ఏ సైజు వేసిండో సరిచూసుకో. రాత్రి డ్యూటీల చేసుకోవచ్చు.


ఆర్థో_పీజీ_గోదారి

5 వారాల తర్వాత రాస్తున్నా, ఆలస్యానికి సారీ, మధ్యలో థీసిస్ గొడవ.

వరంగల్ సర్ చెప్పినట్టే అనాటమీ నుంచి పెల్విస్ తెచ్చుకున్నా, మా వర్క్‌షాప్‌లో ప్రోస్థెటిక్స్ అన్న వైస్ బిగించి పెట్టాడు. మొదటిరోజు 10 సార్లు వేస్తే వంపు 31 నుంచి 54 దాకా వచ్చింది, నాకు అన్నీ ఒకలాగే అనిపించాయి, అదే భయం వేసింది. రెండు వారాలకి ఆ తేడా 5 డిగ్రీల లోపుకి వచ్చింది. అప్పుడు మా జూనియర్ నన్ను అటు తిరగమని పెల్విస్‌ని ముందుకి పొర్లించాడు, నేను మళ్లీ నేల చూసుకునే వేశా, యాంటీవర్షన్ మొత్తం పోయింది, సరిగ్గా వరంగల్ సర్‌కి 2011లో జరిగినట్టే. మా ఎస్సార్ అన్న చూసి, గిన్నె కింద గాడికి అడ్డంగా ఉండే ట్రాన్స్‌వర్స్ లిగమెంట్ చూసుకో, ఉత్తర ఐర్లండ్‌లో బెల్‌ఫాస్ట్ సర్జన్లు దానికి సమానంగా కప్పు పెట్టి 1000 కేసుల్లో 0.6 శాతమే జారాయని 2006లో రాశారు, పెల్విస్ ఎటు పొర్లినా అది దాంతోపాటే పొర్లుద్ది అన్నాడు. ప్లాస్టిక్ మోడల్‌లో ఆ లిగమెంట్ లేదు. అందుకని గిన్నె కింద గాడికి అడ్డంగా ప్లాస్టర్ టేపు ముక్క సాగదీసి అంటించా. దాన్ని చూసుకుని వేస్తే జూనియర్ ఎంత పొర్లించినా 6, 7 డిగ్రీల తేడా కంటే ఎక్కువ రావట్లేదు.

హెడ్‌సెట్ మాడ్యూల్ పోస్టీరియరే, స్టెప్పుల వరస కోసం వాడుతున్నా, వరసగా 3 సార్లు తప్పు లేకుండా మొన్ననే వచ్చింది. సిస్టర్ గారూ, మా ఓటీ సిస్టర్‌ని అడిగితే చాలా సంతోషంగా ట్రేలు తీసి కూర్చున్నారు, ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదన్నారు.

ఆటో డ్రైవర్‌కి పోయిన గురువారం కుడివైపు చేశారు. ఇదంతా సర్‌కి చూపిస్తే, రీమింగ్ టైములో హోమన్ ఇంకొకరికి ఇచ్చి నన్ను తన పక్కకి వచ్చి నిలబడమన్నారు. మొదటిసారి గిన్నె పూర్తిగా చూశా, లిగమెంట్ నిజంగానే టేపు అంటించిన చోటే ఉంది. కప్పు వేశాక ఎక్స్‌రేలో వంపు ఎంత వస్తుందో చెప్పు అన్నారు, 42 అన్నా. మర్నాడు వార్డులో కొలిస్తే 44. అతను వాకర్‌తో 10 అడుగులు వేశాడు, ఎడమవైపు ఎప్పుడు చేస్తారని అడుగుతున్నాడు.

వర్క్‌షాప్‌కి వచ్చే నెల కట్టేశా, ఆ స్క్రూ సంగతి ఫ్యాకల్టీకి ముందే మెయిల్ పెట్టా. ఇంకొక్క సాయం, ఈ పెల్విస్ మోడల్ సోమవారానికల్లా అనాటమీ వాళ్లకి తిరిగివ్వాలి, ఫస్ట్ ఇయర్ వాళ్ల క్లాసులు మొదలవుతున్నాయి. ఎవరి దగ్గరైనా పాతది, కొంచెం విరిగినదైనా పర్లేదు, గిన్నె బాగుంటే చాలు, ఉంటే చెప్పండి. కొరియర్ ఖర్చు నేను పెట్టుకుంటా, మా జూనియర్లు కూడా ఇద్దరు మొదలుపెట్టారు.